నా పొట్టలో మీ వాటా

న్యాయంగా చూస్తే తప్పు నాదే. తెలుగునాట మనిషి పొట్ట స్వార్జితం కాదు, ఉమ్మడి ఆస్తి. మేనత్తలు, పిన్నులు, పెళ్లిళ్లలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డించేవాళ్లు, అందరూ వాటాదారులే. అలాంటి ఆస్తిలో ముప్పాతిక వంతు పైగా, ఒక్కరి సంతకమూ తీసుకోకుండా కోయించేశాను. బరువు తగ్గడానికి చేసే ఈ ఆపరేషన్ని స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. ఇప్పుడు మిగిలింది అరటిపండంత గొట్టం.

అప్పుడు నా బరువు 128 కిలోలు, బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా లేదా చెప్పే లెక్క, 44. మనవాళ్లకి 25 దాటితే చాలు, ఊబకాయం. ఫంక్షన్ హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఇంకోటి దూర్చి, రెండూ కలిపి ఊపి చూసుకుని కూర్చునేవాణ్ని. ఆపరేషన్‌కి డాక్టరు సలహాతోపాటు బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి అదుపులేని షుగరో గుండెజబ్బో అలాంటిదేదో తోడుండాలి అంటుంది ఆరోగ్య బీమా. నేను కటాఫ్ దాటిన పరీక్ష జీవితంలో అదొక్కటే.

"వాకింగ్ చేస్తే పోయేదానికి కోతలెందుకురా? ఇది షార్ట్‌కట్టు" అన్నాడు మామయ్య. రెండు వీధుల అవతల నుంచి ఈ మాట చెప్పడానికి స్కూటర్ మీద వచ్చాడు. ఆయన కిడ్నీలో రాయి తీయించుకున్నప్పుడు మాత్రం ఎవరూ షార్ట్‌కట్ అనలేదు, చూడ్డానికి యాపిల్స్ పట్టుకెళ్లాం.

షార్ట్‌కట్ ఎలా ఉంటుందో మనవి చేస్తాను. మొదటి రెండు వారాలు నీళ్లూ, పల్చటి మజ్జిగా, ప్రొటీన్ పొడీ. తర్వాత పసిపిల్లలకి అన్నప్రాశన చేసినట్టు మెత్తగా మెదిపిన పప్పు. అర ఇడ్లీకి ఇరవై నిమిషాలు. తింటూ నీళ్లు తాగకూడదు. విటమిన్ బిళ్లలు బతికున్నన్నాళ్లూ. మూడో నెలలో జుట్టు దువ్వెనకి వచ్చేసింది. ఇంతా చేసి, అశ్రద్ధ చేస్తే బరువు మళ్లీ రావచ్చు కూడా. అంతకుముందు డైటింగ్ చెయ్యలేదా అంటే, నాలుగుసార్లు చేశాను. దిగిన ప్రతి కిలోనీ ఆకలి వడ్డీతో సహా వసూలు చేసుకుంది. ఆ ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసేసిన ఆ భాగంలోనేనట. చిన్నప్పటి నుంచీ "నోరు కట్టుకోలేవా?" అని అందరూ నా నోటినే తిట్టారు. పాపం, దానికేం తెలుసు.

ఐదో నెలలో అత్తయ్య భోజనానికి పిలిచింది. ముద్దపప్పు, గుత్తివంకాయ, ఉలవచారు, బూరెలు. నాలుగు చెంచాల పప్పు తిని చెయ్యి కడుక్కున్నాను. "నా వంట బాగోలేదని చెప్పొచ్చుగా" అంది. తిన్నది నాలుగు చెంచాలైనా సంజాయిషీ ముప్పావుగంట పట్టింది. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి బూరెల డబ్బా చేతిలో పెట్టి, నన్ను ఎగాదిగా చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మరీ పీక్కుపోయావురా. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

అప్పటికి నేను 96 కిలోలు.