పెయింట్‌బాల్‌కి కూలింగ్ గ్లాసులు చాలవు: వాట్సాప్ సలహాలకు మా జవాబు

ఆఫీసు ఔటింగ్‌కో కాలేజీ ట్రిప్పుకో ముందు రోజు గ్రూపుల్లో ఒక సలహాల జాబితా తిరుగుతుంటుంది. రంగు నింపిన బంతుల్ని గన్‌తో ఒకరిమీదొకరు పేల్చుకునే ఆట పెయింట్‌బాల్. ఆ జాబితా దాన్ని మొదటిసారి ఆడేవాళ్లకట. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: బంతుల్లో ఉండేది ఉత్త రంగే కాబట్టి కళ్లకి కూలింగ్ గ్లాసులు చాలు. మాస్క్ మసకబారితే ఓ క్షణం తీసి తుడుచుకోవచ్చు. ఒంటికి మాత్రం దెబ్బ తూటాలా తగులుతుంది, అందుకని బిగుతుగా మందపాటి జాకెట్ వేసుకోవాలి. బంతులు ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడి సూటిగా పోతాయి. స్పీడు పెంచిన గన్, పొడుగు బ్యారెల్ (గన్ గొట్టం) ఉన్నవాడిదే గెలుపు, కాబట్టి ముందు సొంత గన్ కొనాలి. ఎన్ని ఎక్కువ బంతులు పేలిస్తే అంత లాభం. ఒకచోట దాక్కుంటే ఎవరూ కొట్టలేరు. మిగిలిన బంతులు పిల్లల ఆటకి ఇంటికి పట్టుకెళ్లొచ్చు.

నవ్వుకుని వదిలేసే జాబితా కాదిది. భయపడక్కర్లేని ఒంటి దెబ్బ గురించి భయపెట్టి, నిజంగా భయపడాల్సిన కంటి దగ్గర ధైర్యం చెబుతోంది. అందుకే కంటి సంగతితో మొదలుపెడతాం. అక్కడే ఎక్కువసేపు ఉంటాం.

మామూలుగా వాడే బంతి 0.68 కాలిబర్. అడ్డంగా సుమారు 17 మిల్లీమీటర్లు, బరువు 3 గ్రాములు. మందు క్యాప్సూల్‌కి ఉండేలాంటి జిలటిన్ తొడుగు, లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కలిపిన రంగు. ఆరుబయట మైదానాల్లో దీని వేగానికి సాధారణంగా పెట్టే పై హద్దు సెకనుకు 300 అడుగులు, అంటే గంటకు దాదాపు 330 కిలోమీటర్లు. క్రికెట్ బంతి 7 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి మొహాన తగిలినా కనుబొమ్మ ఎముక, చెంప ఎముక కొంత దెబ్బని కాచుకుంటాయి. ఈ 17 మిల్లీమీటర్ల బంతికి ఆ అడ్డు లేదు. కంటి గూడు దానికంటే రెట్టింపు వెడల్పు, బంతి సరాసరి కనుగుడ్డు మీదే పడుతుంది. కంట్లో రక్తం చేరడం, లెన్స్ జరిగిపోవడం, రెటీనా ఊడిరావడం, చివరికి గుడ్డే చిట్లడం దాకా పోవచ్చు. ఈ ఆటలో చూపు పోయిన కేసుల్లో ఎక్కువ భాగం మాస్క్ లేనప్పుడో, తీసినప్పుడో జరిగినవే.

కూలింగ్ గ్లాసులు ఆ వేగానికి పగులుతాయి, పగిలిన ముక్కలు లోపలికే పోతాయి. పైగా పక్కనుంచి, కిందనుంచి సందులే. బైక్ హెల్మెట్ వైజర్, ల్యాబ్ గాగుల్స్ కూడా ఈ పనికి చేసినవి కావు. పెయింట్‌బాల్ కోసమే తయారైన, కళ్లు, మొహం, చెవులు కప్పే మాస్క్ కావాలి. దాని మీదో, లెన్స్ మీదో ఏఎస్‌టీఎమ్ ఎఫ్1776 అనే ప్రమాణం గుర్తు ఉందేమో చూడండి.

అద్దెకిచ్చే మాస్క్ చేతికొచ్చాక హడావిడి పడకండి. ముందు లెన్స్‌ని వెలుగుకి ఎత్తిపట్టి చూడండి. అంచుల దగ్గర వెంట్రుకంత పగులున్నా మార్చమని అడగండి. లెన్స్‌ని పట్టుకుని ఉండే గొళ్లాలు రెండువైపులా పూర్తిగా పడ్డాయో లేదో వేలితో నొక్కి చూడండి. లోపలి ఫోమ్ ఊడి వేలాడకూడదు. తొడుక్కున్నాక స్ట్రాప్ తల వెనక అడ్డంగా, చెవుల పైనుంచి వెళ్లాలి. నడినెత్తికి ఎక్కితే పరిగెత్తినప్పుడు మాస్క్ కిందికి జారుతుంది. కిందికీ పైకీ, అటూ ఇటూ తల గట్టిగా ఊపండి. కదిలిందా, బిగించండి. కణతల దగ్గర చూపుడు వేలు దూరుతోందా, ఆ సైజు మీది కాదు. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు పెట్టుకునే తొడిగి చూడాలి. వెడల్పు ఫ్రేము ఫోమ్‌ని పక్కకి నెట్టి సందు చేస్తుంది. సొంత మాస్క్ ఉంటే తయారీదారు చెప్పిన గడువుకి లెన్స్ మార్చండి, చాలామంది చెప్పేది ఏడాది. అతి దగ్గరనుంచి దెబ్బ తిన్న లెన్స్ అయితే ఆ గడువు దాకా ఆగొద్దు.

ఇక మసకబారితే తీసి తుడుచుకోమన్న మాట. ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఊపిరిలోని ఆవిరి చల్లగా ఉన్న లెన్స్‌కి తగిలి నీరవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాల్లో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా జరుగుతుంది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని పైన మాస్క్ వేసుకున్నవాళ్లు ఊపిరిని తామే లెన్స్ మీదికి పంపుకుంటున్నారు. ముందది విప్పండి. మధ్యలో గాలి ఉన్న రెండు పొరల లెన్స్ అంత తేలిగ్గా మసకబారదు. దాన్ని మాత్రం నీళ్లలో ముంచి కడగకండి, పొరల మధ్యకి నీరు దిగితే ఇక పనికిరాదు. ఆట మధ్యలో చూపు ఆనకపోతే అడ్డం చాటున కూర్చుని, గన్ మూతి నేలవైపు పెట్టి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, చెయ్యెత్తి రిఫరీని పిలవండి. ఆయన వలకి అవతల ఉన్న సురక్షిత చోటికి తీసుకెళ్లాకే మాస్క్ పైకెత్తాలి. రిఫరీ రాకపోతే ఔటైనట్టు చెప్పి మాస్క్‌తోనే నడిచి బయటికి వచ్చేయండి. విజిల్ ఊదాక కూడా అందరి బ్యారెళ్లకీ గుడ్డ తొడుగులు పడేదాకా మాస్కులు తియ్యకూడదు. తెలియక ట్రిగ్గర్ నొక్కినా బంతిని ఆ తొడుగు పట్టుకుంటుంది. దాని తాడు గన్ వెనకభాగానికి బిగిసి ఉండాలి, వదులుగా వేలాడే తొడుగు ఉన్నా లేనట్టే.

ఒంటి దెబ్బ తూటాలా ఉంటుందన్నది భయపెట్టే మాట. గరిష్ఠ వేగంతో బయల్దేరినప్పుడు కూడా ఆ బంతిలో ఉండే శక్తి 12 జౌళ్ల పైచిలుకు, అందులో కొంత తొడుగు పగలడానికే పోతుంది. రబ్బర్ బ్యాండ్ బాగా లాగి వదిలితే చర్మం ఎలా చురుక్కుమంటుందో అలా ఉంటుంది. దగ్గరనుంచి తగిలితే గుండ్రంగా కమిలి కొన్నాళ్లుంటుంది. పగలకుండా ఎగిరిపోయిన బంతే ఎక్కువ నొప్పి. బిగుతు జాకెట్ వల్ల ఒరిగేది లేదు, చర్మానికి అంటుకున్న బట్టకి దెబ్బని మింగే సందుండదు. వదులైన ఫుల్ చేతుల చొక్కా లోపల ఒక బనియన్, వదులు ప్యాంటు, చేతులకి గ్లవ్స్, మెడచుట్టూ పల్చని గుడ్డ, తల వెనక కాచుకోవడానికి తిప్పి పెట్టిన టోపీ, మడమ పట్టుండే బూట్లు సరిపోతాయి. మన ఎండల్లో మందపాటి జాకెట్ వేస్తే దెబ్బకన్నా ముందు వడదెబ్బ వస్తుంది, చెమట ఆవిరికి లెన్స్ కూడా మసకబారుతుంది. పిల్లలకి, బాగా భయపడేవాళ్లకి 0.50 కాలిబర్ బంతులతో ఆడించే చోటు వెతకండి. వాటి బరువు 0.68 బంతిలో సగం కూడా ఉండదు.

ఫ్రీజర్ చిట్కా పనిచెయ్యదు. చలికి జిలటిన్ గట్టి రాయి కాదు, పెళుసుబారుతుంది. ఆ బంతి చాలాసార్లు బ్యారెల్ దాటకముందే పగులుతుంది. బయటికి తీయగానే పైన తేమ పట్టి ఉబ్బుతుంది, సొట్టలు పడుతుంది. సొట్ట బంతి సూటిగా పోదు. సంచీ మూతి గట్టిగా కట్టి, ఎండా తడీ తగలకుండా 15–25 డిగ్రీల మధ్య ఉంచండి. అప్పుడప్పుడు సంచీ తిరగేస్తే ఒకేవైపు అణగవు. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేస్తే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

స్పీడు పెంచితే గెలుపన్న మాటలో లెక్కే తప్పింది. వేగాన్ని 300 నుంచి 350 అడుగులకి పెంచితే దెబ్బ శక్తి 36 శాతం పెరుగుతుంది, దూరం మాత్రం అంతలా పెరగదు. తేలికైన గుండ్రటి బంతిని గాలి ఇట్టే ఆపేస్తుంది. ఖరీదైన గన్ అయినా, అద్దె గన్ అయినా ఒకే వేగానికి పెడితే రెండిటి బంతులూ దాదాపు ఒకేచోట పడతాయి. మనిషిని నమ్మకంగా కొట్టగలిగేది 25–30 మీటర్ల లోపే. బ్యారెల్ 14 అంగుళాలు దాటాక కలిసొచ్చేది రాపిడి, గాలి ఖర్చు తప్ప మరేం లేదు. ఆట మొదలయ్యేముందు ప్రతి గన్‌నీ క్రోనోగ్రాఫ్ మీద పేల్చి వేగం చూడాలి. ఆ పరికరమే లేని చోట ఆడొద్దనే మేం గట్టిగా చెబుతాం.

వేగం ఊరికే ఎలా మారుతుందో కూడా తెలియాలి. గన్‌లో బంతిని తోసేది కార్బన్ డయాక్సైడో, అదిమిన గాలో. కార్బన్ డయాక్సైడ్ సీసాలో ద్రవం ఉంటుంది, దాని పీడనం వేడిని బట్టి మారుతుంది. పొద్దున సరిచూసిన గన్ మధ్యాహ్నం ఎండకి హద్దు దాటొచ్చు. వరసపెట్టి పేలిస్తే సీసా చల్లబడి బంతులు దగ్గర్లోనే పడిపోవచ్చు. అదిమిన గాలి సిలిండర్‌లో 3000 లేదా 4500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం నిండినా, రెగ్యులేటర్ దాన్ని సుమారు 800కి తగ్గించి నిలకడగా ఇస్తుంది. బిగించేటప్పుడు బుస్సుమంటే సీసా మూతి దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు వలయం) చూడండి, చాలాసార్లు అదే తెగి ఉంటుంది. సిలిండర్‌కి గడువు ప్రకారం పీడన పరీక్ష జరిగిందో లేదో తేదీ చూడకుండా నింపించకండి. ఇన్ని తెలుసుకోవాల్సి ఉండగా మొదటి రోజే సొంత గన్ ఎందుకు? ఐదారుసార్లు అద్దె గన్‌తో ఆడండి. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు మాస్క్ కొనండి.

ఎక్కువ పేలిస్తే లాభమన్నది పూర్తిగా తప్పు. గన్ మీద బంతులు నింపే డబ్బాని హాపర్ అంటారు. మామూలు హాపర్‌లో 200 బంతులు పడతాయి, అవి తమ బరువుతోనే కిందికి జారతాయి. ట్రిగ్గర్ అంతకన్నా వేగంగా లాగితే బంతి సగం దిగుండగానే, దాన్ని బ్యారెల్‌లోకి తోసే బోల్ట్ వచ్చి కోసేస్తుంది. రంగు బ్యారెల్ నిండా పూసుకుంటుంది, ఆ తర్వాతి బంతి ఎటు వంకర పోతుందో చెప్పలేం. అప్పుడు ఇంకో పది పేల్చి శుభ్రం చెయ్యాలని చూడకండి. బ్యారెల్ తొడుగు వేసి, గన్ సేఫ్టీ పెట్టి, ఆట బయటికి రండి. గాలి సిలిండర్ విప్పాక, రిఫరీ చెప్పిన చోట మిగిలిన పీడనం వదిలించి, హాపర్ తీసి, తర్వాతే తొడుగు తీసి బ్యారెల్ విప్పండి. బ్యారెల్ లోపల తుడిచే రబ్బరు బిళ్ల ఉన్న స్క్వీజీని ఒకవైపునుంచి దూర్చి రెండోవైపుకి ఒక్క లాగు లాగండి, రబ్బరు బిళ్ల తుడుచుకోండి, మళ్లీ లాగండి. బోల్ట్ దగ్గరి రంగుని గుడ్డతో తీసేశాకే బిగించాలి. పేల్చేటప్పుడు ఒకటి వదిలి ఎక్కడ పడిందో చూసి, రెండోదాన్ని సరిచేయడం అలవాటు చేసుకోండి. 1981 జూన్ 27న అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది ఆడిన మొట్టమొదటి ఆటని గెలిచిన రిచీ వైట్ ఒక్క బంతి కూడా పేల్చలేదు. గెలవడానికి ఏరాల్సిన జెండాలన్నీ చప్పుడు లేకుండా ఏరుకొచ్చాడు. వాళ్లు వాడినవి చెట్లకీ పశువులకీ గుర్తు పెట్టే గన్‌లు.

ఒకేచోట దాక్కుంటే ప్రత్యర్థి పక్కనుంచి చుట్టుకొస్తాడు, అంతే. అడ్డం మీదనుంచి తల ఎత్తకుండా పక్కలనుంచి చూడండి, రెండోసారి అదే పక్కన కనిపించకండి, మనవాడు పేలుస్తున్నప్పుడు కదలండి. బంతి పగిలి మచ్చ పడితేనే ఔట్, ఎగిరిపోతే కాదు.

చివరిది, మిగిలిన బంతులు ఇంటికి తేవడం. చేత్తో విసిరితే పగలవని పిల్లలు క్యాటపుల్ట్ తీస్తారు, అక్కడ మాస్క్ ఉండదు. రంగు మనిషికి విషం కాకపోయినా, కుక్క గుప్పెడు తింటే అందులోని గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ లాంటివి ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెంచుతాయి. వాంతులు, తూలడం, వణుకు మొదలవుతాయి. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, సంచీ మీది కాగితం కూడా పట్టుకెళ్లండి.