ఆ రెండు నిమిషాలు ఎవడు కట్ చేయమన్నాడు?

నిన్న సాయంత్రం మైపాడు బీచ్‌లో జరిగింది. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. రాయకపోతే ఇవాళ కూడా పట్టేట్టు లేదు.

నెలకో రెండు నెలలకో మేం నలుగురం బండ్లేసుకుని మైపాడు పోతామని, ఇసకలో స్పీకర్ పెట్టుకుని పాత ఇంగ్లీష్ బ్యాండ్లు వింటామని ఇక్కడ చాలామందికి తెలుసు. నెల్లూరులో 1980ల నాటి ఇంగ్లండ్ బ్యాండ్ 'ది స్మిత్స్' వినేవాళ్లు దొరకడమే గగనం. అందుకే మొన్నీమధ్య ఒక కుర్రాడు "అన్నా, నేనూ వింటా, నేనూ వస్తా" అంటే ఎంత సంబరపడ్డామో! నిన్న వాళ్ల ఆఖరి ఆల్బం 'స్ట్రేంజ్‌వేస్, హియర్ వి కమ్' మొదటి నుంచి చివరిదాకా విందామని కూర్చున్నాం. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, వాడి ఫోన్లోంచి పెట్టాడు.

'లాస్ట్ నైట్ ఐ డ్రెమ్ట్ దట్ సంబడీ లవ్డ్ మీ' దగ్గరికి వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నా. ఆ పాట ముందు దాదాపు రెండు నిమిషాలు ఒంటరి పియానో ఉంటుంది. దాని వెనక ఎక్కడో జనం గోల. ఆ గోల పెరిగి పెరిగి, ఒక్కసారిగా పాట విరుచుకుపడుతుంది. నిన్న పియానో లేదు. గోల లేదు. నేరుగా పాటలోకి దూకేసింది.

"ఏమైంది అబ్బయ్యా?" అన్నా.

"ఆ ముందు ముక్క బోర్ అన్నా, కట్ చేసి పెట్టుకున్నా. అసలీ ఆల్బమే వదిలేయొచ్చు. అప్పటికే విడిపోయారు కదా, అడుగున మిగిలింది గీకి ఇచ్చారు" అన్నాడు.

గీకి ఇచ్చారంట!

ఆ పాట సింగిల్‌గా, అంటే ఆల్బంతో కాకుండా విడి రికార్డుగా వచ్చినప్పుడు పియానో లేకుండానే వచ్చింది, ఆ సంగతి నాకూ తెలుసు. దాన్ని పట్టుకుని ఎవరూ వాదానికి రావద్దు. రేడియోకి ఇచ్చింది వేరు, ఆల్బంలో ఉన్నది వేరు. ఆ రెండు నిమిషాలు ఓపిగ్గా కూర్చుంటేనే ఆ తర్వాత వచ్చే గొంతులో దిగులు ఎంతుందో తెలుస్తుంది. అన్నం ఉడక్కముందే గిన్నె దించేసి, రుచి లేదంటే ఎట్టా?

ఇక "అప్పటికే విడిపోయారు" అన్న మాట సంగతి. 1987 వసంతకాలంలో ఇంగ్లండ్‌లో బాత్ ఊరికి దగ్గర్లో ఉన్న వూల్ హాల్ స్టూడియోలో నలుగురూ కూర్చుని ఈ ఆల్బం చేశారు. గిటార్ వాయించే జానీ మార్ బ్యాండ్ వదిలింది ఆ తర్వాత, ఆ ఏడాది ఎండాకాలంలో. రికార్డు దుకాణాల్లోకి వచ్చింది సెప్టెంబరు చివర్లో. చేసేటప్పుడు బ్యాండ్ ఉంది, జనం చేతికి వచ్చేటప్పటికి లేదు. ఈ రెంటికీ తేడా తెలియదా? వాళ్ల ఆఖరి కచేరీ 1986 డిసెంబరులో లండన్ బ్రిక్స్‌టన్‌లో అయిపోయింది. అంటే ఈ ఆల్బం పాటల్లో ఒక్కటి కూడా ఆ నలుగురూ కలిసి కచేరీలో వాయించలేదు. ఆ పాటలకు ఉన్నది ఈ రికార్డింగ్ ఒక్కటే. దాన్ని తెచ్చి కట్ చేస్తాడా!

గీకి ఇచ్చినవాళ్లు మొదటి పాటలోనే గిటార్ లేకుండా చేస్తారా? అప్పటికి లోకమంతా జానీ మార్‌ని నెత్తిన పెట్టుకున్నదే గిటార్ కోసం. ఆ గిటార్‌నే పక్కన పెట్టి, పియానోతో ఆల్బం మొదలుపెట్టాడు. చివరి పాటకి ఆటోహార్ప్ అనే తీగల వాయిద్యం పట్టుకున్నాడు. అలసిపోయినవాడు పాతదే మళ్లీ వాయిస్తాడు కానీ కొత్త వాయిద్యం ముట్టుకోడు. ఆ రోజుల్లో బ్యాండ్‌కి నిలకడగా ఒక మేనేజర్ కూడా లేడు, ఆ పనులూ మార్ నెత్తినే పడ్డాయి. ఒళ్లు హూనమైపోతూ చేసిన ఆల్బం ఇది. తర్వాత గాయకుడు మారిస్సీ, మార్ ఏ విషయంలోనూ కలవలేదు కానీ, తమ ఆల్బమ్స్‌లో ఇదే గొప్పదని ఇద్దరూ చెప్పారు. చేసినవాళ్ల మాటకి కూడా విలువ లేదా?

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. అసలు మంట అక్కడ పుట్టింది. "మారిస్సీ, మార్ ఉంటే చాలన్నా, ఆ బేస్, డ్రమ్స్ ఎవడైనా వాయిస్తాడు" అన్నాడు.

ఎవడైనా వాయిస్తాడా? ఆండీ రూర్క్ బేస్ తీసేసి ఒక్క పాట వినమనండి. గోడలు లేని ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. బేస్, డ్రమ్స్ వాళ్లిద్దరికీ వాయించిన డబ్బులో దక్కింది ఎంతో తెలుసా? మారిస్సీకి 40 శాతం, మార్‌కి 40 శాతం. రూర్క్‌కి 10, డ్రమ్స్ వాయించిన మైక్ జాయిస్‌కి 10. పాటలు రాసినందుకు మారిస్సీకి, మార్‌కి వచ్చేది వేరే, దాన్ని ఎవరూ అడగలేదు. నలుగురూ కలిసి వాయించిన దాని డబ్బు ఇది. జాయిస్ కోర్టుకెక్కితే 1996లో లండన్ హైకోర్టు అతనికి 25 శాతం రావాల్సిందేనని తేల్చింది. రూర్క్ అప్పుల్లో ఉండి అంతకుముందే 83,000 పౌండ్లు తీసుకుని, అదే 10 శాతానికి ఒప్పుకుని పక్కకి తప్పుకున్నాడు. 2023 మేలో క్యాన్సర్‌తో పోయాడు. యాభై తొమ్మిదేళ్లు.

నాకెందుకింత కోపమంటే, నేనూ అట్టాంటి చోటే నిలబడ్డాను. పదకొండేళ్లు ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించా. కావలి, కోవూరు, గూడూరు, ఒంగోలు దాకా పెళ్లిళ్లు, తిరునాళ్లు. స్టేజి వెనక చీకట్లో, యాంప్లిఫయర్ పక్కన నా చోటు. పాడేవాళ్ల పేర్లు ఫ్లెక్సీ మీద ఉండేవి, మాకు "వాద్య బృందం" అన్న ఒక్క మాట. మన నెల్లూరు గాలి పీల్చిన బాలు గారు ఎంత ఎత్తుకి ఎదిగినా వేదిక మీద వాద్యకారుల్ని పేరుపెట్టి పిలిచి చప్పట్లు కొట్టించేవారు. ఇళయరాజా గారు కూడా మొదట్లో బాలు గారి ట్రూప్‌లో వాయించినవారే. అది సంస్కారం. కావలిలో ఒక పెళ్లికి మేం రాత్రి రెండింటిదాకా వాయిస్తే, ట్రూప్ నడిపే ఆయన పాడినవాళ్లకి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, మాకు "వచ్చేవారం చూద్దాం" అన్నాడు. ఆ వచ్చేవారం ఇప్పటిదాకా రాలేదు. తెల్లవారుజామున బస్టాండులో గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం నేనూ మా డ్రమ్మరూ. ఇద్దరి జేబుల్లో కలిపి టీకి సరిపడా ఉంది, టికెట్‌కి లేదు.

ఆ డ్రమ్మర్ ఇప్పుడు లేడు. మా ట్రూప్ ఆఖరి ప్రోగ్రాం కోవూరులో జరిగింది. అదే ఆఖరిదని ఆ రాత్రి ఎవరికీ తెలియదు. వాడు ఆ రోజు వాయించినట్టు ఎప్పుడూ వాయించలేదు. పెళ్లి వీడియోలో మేం వాయించే చోట్లన్నీ తీసేసి, పెళ్లికూతురు బొమ్మల మీద సినిమా పాట అతికించారు. నేను వాళ్ల ఇంటిదాకా పోయి క్యాసెట్ అడిగి తెచ్చుకుని చూశా. వాడి చేతులు ఒక్క సెకను కనబడతాయి, శబ్దం లేదు.

వచ్చే ఆదివారం మళ్లీ మైపాడు పోతాం. ఆ కుర్రాణ్ణీ రమ్మన్నా. ఆల్బం నా ఫోన్లోంచి పెడతా, పియానోతో సహా.