తనిఖీ రిజిస్టరు గారికి ఒక విన్నపం

శ్రీయుత తనిఖీ రిజిస్టరు గారికి,

కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక వృద్ధాశ్రమానికి మా పెద్దమ్మను చూడడానికి వచ్చినవాడు రాసుకునే విన్నపం. మేనేజరు భోజనానికి వెళ్లారు. ఆఫీసు బల్ల మీద మీరొక్కరే ఉన్నారు కనుక మిమ్మల్నే తిరగేశాను.

ఎంత సంతృప్తి అండీ మీది! ఒక పేజీలో పరిశుభ్రత సంతృప్తికరం, తరువాతి పేజీలో భోజనం సంతృప్తికరం. సంతకాలు మారాయి, సిరా మారింది, సంతృప్తి మాత్రం మారలేదు. కోరిన కట్నం చేతికందిన వియ్యాలవారు కూడా ఇంతగా తృప్తి పడగా నేను చూడలేదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు గొడ్లను గట్టెక్కించుకోవడానికి మూడు హెచ్చరికలు కావాలి. మీ అధికారి వస్తున్నారంటే ఆశ్రమానికి ఒక్క ఫోను చాలు. తెల్లారేసరికి ఫినాయిలు వాసన, మడత నలగని దుప్పట్లు, బోర్డు మీద సుద్దముక్కతో 'కోడిగుడ్డు, అరటిపండు'. "కొత్త దుప్పటి పరిచారంటే ఎవరో వస్తున్నట్టే నాయనా, సాయంత్రానికి మళ్లీ బీరువాలో పెట్టేస్తారు" అంది మా పెద్దమ్మ. ఆవిడకు మందగించింది చూపు మాత్రమే. వచ్చినాయన కొబ్బరి బొండం తాగి, హాల్లో నిలబడి "అందరూ బాగున్నారా?" అంటారట. మేనేజరు పక్కనే ఉండగా ఎవరు మాత్రం ఏం చెబుతారు? రాత్రికి మంచినీళ్లు అడగవలసింది ఆయన మనుషులనే కదా.

పెద్దమ్మ మంచం తలాపున బెల్లు స్విచ్చి ఉంది. నొక్కాను, మోగలేదు. వైరు వెంటే వెళ్లి చూస్తే, కిటికీ చువ్వకు శుభ్రంగా చుట్టి వదిలేశారు. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉంది. దాని మీద ఎవరిదో తడి తువ్వాలు ఆరేసి ఉంది, ఆ బరువుకే కడ్డీ ఊగుతోంది. మీలో 'సౌకర్యాలు ఉన్నవి' అన్న గడిలో టిక్కు పెట్టారు. నిజమే, ఉన్నవి.

మిమ్మల్ని మాత్రం ఏమనగలను? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, ప్రభుత్వాలు జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం చొప్పున, 150 మంది నిరుపేదలు పట్టేలా పెట్టుకోవచ్చని చెప్పింది. ప్రైవేటు వృద్ధాశ్రమాల రిజిస్ట్రేషను ఊసు అందులో లేదు. వాటికీ రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019లో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు, 2024లో ఆ సభ రద్దు కాగానే కాలం చేసింది. పాపం, దాన్ని కూడా చివరిదాకా చూసుకునేవాళ్లు లేకపోయారు.

ఈసారి వచ్చే అధికారిని ఫోను చేయకుండా, రాత్రి ఎనిమిది దాటాక రమ్మనండి. పెద్దమ్మ గదిలో మంచం మీద పడుకుని బెల్లు నొక్కమనండి. ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చిందో మీలో అంకెల్లో రాయమనండి. పెన్ను కూడా తెచ్చుకోమనండి. మీకు దారంతో కట్టిన పెన్నులో సిరా లేదు.

ఇట్లు,
తమ పేజీలు తిరగేసిన సందర్శకుడు