మహారాజశ్రీ 'నాకు తెలుసులే' గారికి

పాతికేళ్లుగా తన నాలుక చివర మీకు అద్దె లేకుండా వసతి ఇచ్చిన మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కుశలం అంతంతమాత్రం. మీరు మాత్రం కులాసాగానే ఉండి ఉంటారు, మీకు ఎప్పుడైనా ఏమైనా అయిందా గనక!

మీ పనితనం గొప్పది, కాదనను. ఎదుటివాళ్లు నోరు తెరవగానే మీరు బయటికి దూకుతారు. వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం మీ వంశంలోనే లేదు. తెలియని పని నెత్తిన పడ్డప్పుడు మనిషికి లోపల ఎంత టెన్షన్ ఉంటే, మీరు బయట అంత ధీమాగా పలుకుతారు. అద్దె కట్టకపోయినా ఇంటి పరువు మీరే కాపాడుతున్నారని చాలాకాలం మురిసిపోయాను.

ఇక ఆ చొక్కా సంగతి.

మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆస్పత్రిలో పక్క మంచం దగ్గర ఒకావిడ ఉండేది. ఆవిడ భర్తకు అది రెండోసారి. అప్పటికే ఏడాదిగా అన్నీ తనే చేస్తోంది. మేం ఇంటికి బయల్దేరేముందు నా దగ్గరికి వచ్చి, "బాబూ, చొక్కా వేసేటప్పుడు..." అంది. చొక్కా! పెద్ద పెద్ద స్కానింగులు చూసి, మందుల పేర్లు బట్టీ పట్టినవాడికి చొక్కా వేయడం నేర్పుతుందట. మీరు వెంటనే హాజరయ్యారు. "నాకు తెలుసులేండి" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. మిగతా సగం వాక్యం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక తెలిసింది నాకేం తెలుసో. బాగున్న చెయ్యి ముందు తొడిగాను, సులువు కదా అని. ఆ తర్వాత పడిపోయిన చెయ్యి చొక్కా రెండో చేతిలోకి దూరదు. వెనక్కి వంచాను, లాగాను. ఒక చొక్కాకి ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న నోట మాట లేదు, కంట్లోంచి నీళ్లు మాత్రం కారాయి. నాలుగు రోజులు అలా లాగాక భుజం ముట్టుకోనివ్వలేదు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి చూసి, చొక్కా చేతిలోకి తీసుకుంది. పడిపోయిన చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఒక్క నిమిషం పట్టలేదు. "ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదండీ, కండరాలు వదులైపోయి భుజం కీలు జారుతుంది. ఆస్పత్రిలో మీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది.

"చెప్పబోయారు" అన్నాను.

మీ పక్షాన ఒక్క మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. మీరు ఊరికే పుట్టలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక వైద్యుడే. ఎవరి తోడల్లుడికో వారంలో నయం చేసిన నూనె, ఎవరి మేనమామనో లేపి నడిపించిన పసరు. ఒకాయనైతే తన నడుంనొప్పికి పనిచేసిందని నాన్నకో బెల్టు తెచ్చాడు. ఆ వరదలో మీరే నాకు గొడుగు. కాకపోతే ఆ గొడుగు మీరు ఆవిడ మీద కూడా తెరిచారు, అదీ నా బాధ. బెల్టు పెద్దమనిషి నేనేం చెయ్యాలో చెప్పాడు. ఆవిడ చెప్పబోయింది తను రోజూ ఏం చేస్తోందో. ఈ తేడా చూడ్డానికి మీకు కళ్లు లేవు, ఉన్నది నాలుక ఒక్కటే.

నన్నొక్కణ్ణే ముంచారని మిమ్మల్ని చులకన చేయను. మీ చరిత్ర పెద్దదే. 1601లో లాంకాస్టర్ అనే కెప్టెన్ నాలుగు ఓడలతో ఈస్ట్ ఇండియా కంపెనీ తొలి యాత్రకు బయల్దేరాడు. తన ఓడలో నావికులకు రోజూ పొద్దున్నే మూడు చెంచాల నిమ్మరసం పోయించాడు. పక్కనే వస్తున్న మిగతా మూడు ఓడల్లో తాజా పండ్లు, కూరలు లేక వచ్చే స్కర్వీ జబ్బుతో చిగుళ్లు వాచి, తెరచాప లాగే ఓపిక కూడా లేకపోతే ఈయన ఓడలోని వాళ్లే వెళ్లి సాయం చేయాల్సి వచ్చింది. కళ్లెదుట ఇంత జరిగాక ఎవరైనా నేర్చుకోవాలి కదా? 1747లో జేమ్స్ లిండ్ అనే డాక్టరు పన్నెండు మంది రోగుల మీద మళ్లీ పరీక్షించి చూపాడు, 1753లో పుస్తకం రాశాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. లిండ్ అంతకు ముందేడే పోయాడు. అంతకాలం ఆ నౌకాదళం కార్యాలయంలో కుర్చీ ఎవరిదో నేను వేరే చెప్పాలా?

విమానాలవాళ్లు మాత్రం మిమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపే ఏర్పాటు చేసుకున్నారు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తాము చేసిన పొరపాట్లు తామే నాసాకు రాసి పంపుతున్నారు. రాసినవాళ్ల పేరు బయటికి రాదు, పొరపాటు మాత్రం అందరికీ తెలుస్తుంది. పరువు పోతుందన్న భయం లేనిచోట మీకు పనేముంటుంది?

"దిగితేగానీ లోతు తెలియదు" అని మీరు తరచూ అంటుంటారు. నిజమే. కానీ తడి బట్టలతో గట్టు మీద నిలబడి ఒక మనిషి చేయి ఊపుతుంటే, ఆ మనిషికి టాటా చెప్పి దూకించడం మీకే చెల్లింది.

కాబట్టి ఈ నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయగలరు. మీ గదిలోకి "ఆ తర్వాత ఏమైంది?" అనేవాళ్లను దించుకుంటున్నాను. వాళ్లు కాస్త నెమ్మది మనుషులు, చెవి పక్కనే చోటు చాలన్నారు.

ఇట్లు,
మీ మాజీ ఇంటి ఓనరు

తా.క.: నిన్న నాన్నను చెకప్‌కి తీసుకెళ్లాను. పక్కన ఒక కుర్రాడు వాళ్లమ్మకు స్వెట్టర్ తొడుగుతున్నాడు, బాగున్న చెయ్యి ముందు. ఆగలేక, "బాబూ, స్వెట్టర్ వేసేటప్పుడు..." అన్నాను. "తెలుసులే అంకుల్" అన్నాడు. కొత్త ఇల్లు అప్పుడే దొరికిందన్నమాట. నేను మాత్రం కదలకుండా అక్కడే కూర్చున్నాను, రెండో చెయ్యి దాకా రానిద్దామని.