చివరి బెంచీలో చోటు లేదు

గత నలభై ఏళ్లలో తెలుగు తెర మీద వెలిగిన ప్రతి నటుడూ హైస్కూలులో చివరి బెంచీలోనే కూర్చున్నాడు. గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు అనుకునేరు. సినిమా విడుదలకు వారం ముందు టీవీల్లో కూర్చుని, నవ్వుతూ, వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటున్న సంగతి ఇది. కథానాయకుడు చివరి బెంచీ, ప్రతినాయకుడు చివరి బెంచీ, హాస్యనటుడు సరేసరి. పాట పాడినవారూ, ఆ పాటకు అడుగులు నేర్పినవారూ అక్కడివారే. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బెంచీ మీద నలుగురు పడతారు, ఐదోవాడు సగం గాలిలో కూర్చుంటాడు. ఈ లెక్కన ఆ ఒక్క బెంచీ గోడ దాటి, కబడ్డీ బరి దాటి, పక్క ఊరి పొలిమేర దాకా సాగి ఉండాలి. అంత కలప ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ గుత్తేదారు సరఫరా చేశాడో, బిల్లు మీద సంతకం ఎవరు పెట్టారో విద్యాశాఖ ఇంతవరకు నోరు విప్పలేదు.

మరి మూడో బెంచీలో ఎవరు కూర్చున్నట్టు? "నేను మూడో బెంచీలో, సరిగ్గా మధ్యలో కూర్చునేవాణ్ణి. హోంవర్కు చేసుకుని వచ్చేవాణ్ణి. జ్వరం వస్తే నాన్నగారి సంతకంతో సెలవు చీటీ తెచ్చేవాణ్ణి" అని ఒక్క నటుడైనా చెప్పగా విన్నవారుంటే దయచేసి ముందుకు రావాలి. కళారంగంలో మూడో బెంచీకి ప్రాతినిధ్యమే లేదంటే చిన్న అన్యాయం కాదు. చిన్నాచితకా విషయాలకే కమిషన్లు వేసే ప్రభుత్వాలు దీన్ని ఎలా వదిలేశాయో అర్థం కాదు.

ఈ జ్ఞాపకాలకు ఒక పాఠ్యప్రణాళిక ఉంది. యాంకర్ కుర్చీలో ముందుకు జరిగి "మీరు స్కూల్లో బాగా అల్లరి చేసేవారట కదా?" అంటుంది. "లేదండీ" అన్న జవాబు ఈ గడ్డ మీద ఇంకా పుట్టలేదు. నటుడు మొదట తల దించుకుంటాడు. తర్వాత అరచేత్తో ముఖం కప్పుకుంటాడు. ఆ తర్వాత గోడ దూకడం, మ్యాట్నీకి పోవడం, ఇంటర్వెల్లో అదే హాలులో డ్రిల్లు మాస్టారు ఎదురు కావడం. ఆ మాస్టారు పనివేళల్లో అక్కడేం చేస్తున్నారని యాంకర్ అడగదు. పిమ్మట గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం, బెత్తం విరగడం. ఇన్ని ఇంటర్వ్యూలలో ఇన్ని బెత్తాలు విరిగాయి కనుక ఆ కాలంలో పేము బెత్తాల నాణ్యత మీద కూడా విచారణ జరిపించడం మంచిది.

ఇక శాపఘట్టం. "ఒరేయ్, నువ్వు ఎందుకూ పనికిరావురా" అని ఒక మాస్టారు అని తీరాలి. ఆయన ఎప్పుడూ లెక్కల మాస్టారే. సోషల్ మాస్టారు ఎవరినీ శపించిన దాఖలా లేదు. హిందీ పండితుడికి ఆ అవసరమే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి మిగతా సబ్జెక్టుల్లో 35 మార్కులు కావలసి ఉంటే, హిందీలో 20 వస్తే గట్టెక్కేవారు కాబట్టి ఆయన తరగతిలో శాంతి నెలకొని ఉండేది. తెలుగు మాస్టారి పాత్ర వేరు. ఆయన కళ్లజోడు సవరించుకుని "నీ గొంతులో ఏదో ఉందిరా" అంటాడు. ఈ రెండు పాత్రలూ లేకుండా ఏ నటుడూ హైస్కూలు దాటలేదు.

నిజానికి ఆ లెక్కల మాస్టారు తరగతిలోని నలభై మందినీ అదే మాట అన్నాడు. సోమవారం ఎడమ వరుసను, మంగళవారం కుడి వరుసను. ఆ నలభై మందిలో ఒకడు ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు, ఒకడు బ్యాంకు మేనేజరయ్యాడు, ఒకడు సాక్షాత్తూ లెక్కల మాస్టారై తన వంతుగా మరో నలభై మందిని శపిస్తున్నాడు. వాళ్లను పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, "ఆ మాట మిమ్మల్ని ఎంత కసిగా ముందుకు నడిపించింది?" అని ఎవరూ అడగలేదు. కసితో ఎరువులు అమ్మడం చూపడానికి అంత బాగుండదని కాబోలు.

పాఠశాల వార్షికోత్సవం గురించి మాత్రం ఆక్షేపించలేను. అక్కడ నిజంగానే ఏదో జరిగేది. రెండు బల్లలు కలిపిన వేదిక, కుట్టు ఊడిన తెర, కుయ్యిమనే మైకు. అట్టముక్కకు తళుకు కాగితం అంటించిన కిరీటం, కాటుకతో దిద్దిన మీసం, ఇంట్లో అడగకుండా తెచ్చిన అమ్మ పట్టుచీరతో కట్టిన పంచె. ఆ వేషంలో ఒక బక్క దుర్యోధనుడు. 1977లో వచ్చిన "దానవీరశూరకర్ణ"కు కొండవీటి వెంకటకవి రాసిన ఆ దీర్ఘ సంభాషణను ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పని హైస్కూలు తెలుగు దేశంలో ఉండదంటే ఎవరూ గొడవకు రారు. పిల్లవాడికి అందులో సగం మాటలకు అర్థం తెలియదు, వినేవాళ్లకు మిగతా సగం తెలియదు. చప్పట్లు మాత్రం పూర్తిగా పడేవి. మన నటుడు ఈ ఘట్టం చెప్పేటప్పుడు సంభాషణ మొత్తం మళ్లీ అప్పజెబుతాడు. అంత పొడుగు సమాసాలు నలభై ఏళ్లు గుర్తుంచుకున్నవాడు చివరి బెంచీ మొద్దు ఎలా అయ్యాడో ఆ వేడిలో ఎవరికీ తట్టదు.

అసలు ప్రతి బడిపిల్లవాడి మొదటి ప్రదర్శన ప్రార్థన వరుసలోనే ముగుస్తుంది. చేయి ముందుకు చాచి, ముందు నిలబడిన ఒక్కడు పలికితే మిగిలినవాళ్లు అందుకుని చెప్పే ప్రతిజ్ఞ అది. దాన్ని 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉంటూ తెలుగులో రాసినవారు నల్లగొండ జిల్లా అన్నేపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. దేశమంతా రోజూ పలికే సంభాషణ రాసిన ఆ రచయితకు తెర మీద పేరు వేయలేదు, ఏ నటుడి జ్ఞాపకాల్లోనూ ఆయన కనిపించడు. సంభాషణ రచయితల విషయంలో పరిశ్రమ సంప్రదాయం అక్కడి నుంచే మొదలైందని నా అనుమానం.

పాతతరం వారి జ్ఞాపకాలు ఈ పాఠ్యప్రణాళికకు బొత్తిగా సరిపోవు. ఎన్.టి. రామారావు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు నాటకంలో ఆడవేషం ఇచ్చారు. మీసం తీయనంటే తీయనని మొండికేసి, మీసంతోనే ఆ వేషం కట్టి, "మీసాల నాగమ్మ" అన్న బిరుదు సంపాదించుకున్నారు. హైస్కూలు కాదు కాలేజీ కదా అని సాంకేతిక అభ్యంతరం లేవదీయవచ్చు. కానీ ఈ కథలో శాపం లేదు, బెత్తం లేదు, గోడ దూకుడు లేదు. ఉన్నదల్లా ఒక మీసం. ఈరోజు ఇదే కథ ఒక యువ నటుడు చెబితే ప్రచార బృందం వెంటనే ఆపి, విశ్వనాథవారి చేత "నువ్వు ఎందుకూ పనికిరావు" అనిపించి ఉండేది.

అక్కినేని నాగేశ్వరరావు పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. కృష్ణా జిల్లా రామాపురం రైతు బిడ్డ. చదువు ప్రాథమిక స్థాయి దగ్గరే ఆగిపోయింది. బడికి ఎగనామం పెట్టి నాటకాలు ఆడానని గొప్ప చెప్పుకోవడానికి ఆయనకు ఎగ్గొట్టే బడే లేకుండా పోయింది. నాటకాల్లో ఆడవేషాలు వేస్తూ తిరుగుతుంటే విజయవాడ రైల్వేస్టేషనులో సినీ దర్శకనిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడ్డారు. తర్వాత డబ్బు చేతికి వచ్చాక గుడివాడలో కళాశాలకు విరాళమిచ్చారు. అది ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. చదువు అందనివాడు కళాశాలకు డబ్బు కట్టడం, లక్షలు పోసిన చదువు అందినవాడు తరగతి ఎగ్గొట్టిన సంగతి మైకులో చెప్పుకోవడం. కాలం మారిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

లక్షలంటే గుర్తొచ్చింది. చివరి బెంచీలన్నీ ఒక్కటి కావు. హైదరాబాద్ బేగంపేటలో జాగీర్దారుల పిల్లల కోసం 1923లో ఒక కళాశాల పెట్టారు. జాగీర్లు రద్దయ్యాక అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. నాగార్జున, రానా అక్కడ చదువుకున్నవారే. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల కూడా. ఆ భవనం మెట్ల మీద నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమయ్యేదేమిటంటే, అక్కడి చివరి బెంచీ మా ఊరి హెడ్మాస్టరు కుర్చీకి నాలుగు మెట్లు పైన ఉంటుంది. తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే కాపురం ఉండటంతో ఒక తరం వారసులు అక్కడి బడుల్లో పెరిగారు. మహేష్ బాబు, తమిళ నటుడు కార్తి ఒకే బడి పిల్లలు. విజయ్ దేవరకొండది పుట్టపర్తి ఆశ్రమ పాఠశాల. ఇంత వైవిధ్యమున్న చదువులు పొరపాటున ఎక్కడైనా వేరువేరు జ్ఞాపకాలకు దారితీస్తాయేమోనని భయపడనక్కర్లేదు. టీవీ సోఫా దగ్గరికి వచ్చేసరికి మామూలు తారలందరి జ్ఞాపకాల్లోనూ అదే చింతచెట్టు, అదే గంట, అదే బెత్తం. వాతానుకూలిత తరగతి గదిలో చింతచెట్టు ఎలా మొలిచిందని అడిగితే అది కళాహృదయం లేని ప్రశ్న.

ఇందులో మోసమేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం. మన కథానాయకుడు వరుసగా పాతిక సినిమాల్లో ఒక ఫ్లాష్‌బ్యాక్ చూశాడు. చిన్నప్పటి తనను ఒక బాలనటుడు పోషించాడు, మాస్టారు కొట్టాడు, పిల్లవాడు కన్నీళ్లు తుడుచుకుని పరుగెత్తాడు, పరుగెత్తుతూనే పెద్దవాడయ్యాడు. ఆ దెబ్బలు తిన్నది తానో బాలనటుడో కొన్నాళ్లకు ఆయనకే తికమక అవుతుంది. పారితోషికం మాత్రం బాలనటుడికి తక్కువ.

ఈ వ్యవహారంలో నష్టపోయినవాడు మాస్టారే. సినిమా ఆయన్ను రెండు విధాలుగా వాడుకుంది. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పినవారు. ఎం.ఎస్. నారాయణ భీమవరంలో లెక్చరరు. మోహన్ బాబు మద్రాసులో డ్రిల్లు మాస్టారు. సుద్దముక్క పట్టిన చేతులను తెర మీదికి పిలిచి, అందులో ఇద్దరికి పిల్లలు ఆటపట్టించే పాత్రలు ఎన్నో ఇచ్చారు. విద్యాశాఖకు పోయింది వినోదశాఖకు దక్కింది. మూడోవారిని ఆటపట్టించే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అది వేరే సంగతి.

సినిమాల్లోకి రాని మాస్టార్లను టీవీ కార్యక్రమానికి రప్పిస్తారు. దీపాలు ఆరతాయి. "మీ కోసం ఒక సర్‌ప్రైజ్" అంటుంది యాంకర్. తెర పక్క నుంచి ఒక పెద్దాయన, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, కేబుల్ తీగ తట్టుకోకుండా పంచె ఎత్తి పట్టుకుని నడిచి వస్తారు. నటుడు పరుగెత్తి కాళ్ల మీద పడతాడు. కెమెరా సరిగ్గా దొరకలేదంటే ఇంకోసారి పడతాడు. శాలువా కప్పుతారు. మైకు ఇస్తారు. ఇక్కడే ప్రమాదం. మాస్టారికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "అబ్బే, ఇతను చివరి బెంచీ ఏమిటి? ముందు వరుసే. చాలా నెమ్మది. హాజరుపట్టీ, సుద్దముక్కల పెట్టె మోసుకొచ్చేది ఇతనే. ఎవరు మాట్లాడారో పేర్లు రాసి ఇచ్చేవాడు కూడా" అని మొదలుపెడతారు. యాంకర్ గలగలా నవ్వి, మైకు అందుకుని, ప్రకటనల తర్వాత కలుద్దామంటుంది. ప్రకటనల తర్వాత మాస్టారు ప్రేక్షకుల మధ్య, వెనుక వరుసలో కూర్చుని ఉంటారు. కార్యక్రమం ప్రసారమైనప్పుడు ఆయన మాటల స్థానంలో వేణువు వినిపిస్తుంది.

కనుక నా ప్రతిపాదన ఒక్కటే. ఇకపై ఎవరైనా చివరి బెంచీ హోదా కోరితే బదిలీ ధ్రువపత్రం చూపించాలి. అందులో "నడవడి" అని ఒక గడి ఉంటుంది. ఊరి చెరువులో హెడ్మాస్టరు సైకిలు పారేసినవాడికి కూడా అందులో "సంతృప్తికరం" అనే రాస్తారన్నది నిజమే. అయినా సంతకం సంతకమే. పక్కనే రెండు పుట్టుమచ్చల వివరాలు ఉంటాయి. మేకప్ తీయించి సరిచూసుకోవచ్చు.

ఈ ప్రతిపాదనను కళాకారులు ఒప్పుకోరని తెలుసు. పుట్టుమచ్చలూ నడవడీ వారికి అడ్డం కాదు. ఆ కాగితం మీద పుట్టిన తేదీ కూడా ఉంటుంది. హైస్కూలు గురించి బెంచీ సంఖ్య చెబుతారు, బెత్తం పొడవు చెబుతారు, మొదటి ప్రేమలేఖలో అక్షరదోషాలు చెబుతారు. పదో తరగతి ఏ సంవత్సరం పాసయ్యారని అడిగితే మాత్రం జ్ఞాపకశక్తి ఒక్కసారిగా సన్నగిల్లుతుంది. అడిగిన విలేకరికి ఆ తర్వాత ఇంటర్వ్యూ దొరకదు.

తోటి విద్యార్థులకు ఆ నియమాలు తెలియవు. పాపం, వాళ్లు వాట్సాప్‌లో బృందం పెట్టుకున్నారు, పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరుపుకున్నారు. ఫ్లెక్సీ మీద బ్యాచ్ సంవత్సరం పెద్ద అంకెల్లో వేయించారు. ఫోటోలో ముందు వరుస వాళ్లకు మోకాళ్ల నొప్పులు, కుర్చీలు వేశారు. ఒకాయన మనవరాలిని ఎత్తుకున్నాడు, ఒకావిడ గత నెలే ఉద్యోగ విరమణ చేసింది. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి దాని మీద హీరోగారి పేరు రాసి పెట్టారు. ఆయన రాలేకపోయారు, షూటింగులో ఉన్నారు. కొత్త సినిమాలో ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడి పాత్ర.