మహారాజశ్రీ కటాఫ్ గారి సముఖమునకు

మహారాజరాజశ్రీ కటాఫ్ గారికి,

అమలాపురం నుంచి ఒక డిగ్రీ కాలేజీ కామర్స్ మాష్టారు నమస్కరించి రాసుకొనే విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరి కుశలానికి లోటేమీ ఉండదు. క్షేమసమాచారం కనుక్కోవలసింది మా పిల్లలదే.

మా ఊరికి రైలు ఇంకా రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను గురించి వింటూ వింటూ మా జుట్టు నెరిసింది. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, పట్టాలు మాత్రం లేవు. తమరు ఏ వంతెనా అక్కరలేకుండానే వచ్చేశారు. ఒకప్పుడు ఈ వీధుల్లో ఎంసెట్ ర్యాంకు తప్ప మరో అంకెకు విలువ ఉండేది కాదు. ఇప్పుడు కనబడిన ప్రతి తండ్రీ ముందు కొబ్బరికాయ ధర మాట్లాడి, ఆ వెంటనే "ఈ ఏడు క్యాట్ కటాఫ్ ఎంత ఉండొచ్చు మాష్టారూ?" అంటున్నాడు. ధర సంగతైతే నాకు కాస్త తెలుసు. క్యాట్ అంటే ఐఐఎంలనే కేంద్ర మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో ఎంబీఏ సీటు కోసం రాసే ప్రవేశపరీక్ష, కటాఫ్ అంటే అక్కడ లోపలికి రానిచ్చే గీత, అంటే తమరే.

"ఏ కటాఫ్ అండీ?" అని నేను తిరిగి అడిగితే ఆయన ముఖం చిన్నబోతుంది. మాష్టారికి తెలియదు కాబోలు అనుకుంటాడు. తమరు ఒక్కరే అని ఆయన నమ్మకం. తమరు వేసే వేషాలు ఎన్నో ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పవలసినవారికి చెప్పకపోవడంలోనే లాభం ఉంది.

పర్సంటైల్ అనే తమరి భాష దగ్గర మొదలుపెడతాను. ఏటా నవంబరు ఆఖరి ఆదివారం, ఇక్కడ సార్వా కోతలు సాగుతూ, తుఫాను భయం ఇంకా పోని రోజుల్లో, పిల్లలు కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్లి ఈ పరీక్ష రాస్తారు. రెండు గంటలు, మూడు విభాగాలు, ఒక్కో దానికి 40 నిమిషాలు. ఆ 40 నిమిషాలు గడిచేవరకు తర్వాతి విభాగం తలుపు తెరుచుకోదు, గడిచాక వెనకటి తలుపు మూసుకుంటుంది. సరైన జవాబుకు 3 మార్కులు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలో తప్పు చేస్తే 1 మార్కు కోత. 2024లో 68 ప్రశ్నలు, 204 మార్కులు.

మా ఎరుకలో ఒక ఇంట స్కోరు కార్డు వచ్చింది. 204కు తొంభై చిల్లర. తల్లి గుండె జారిపోయింది. ఇంటర్‌లో వెయ్యికి 970 తెచ్చిన కొడుక్కి సగం మార్కులైనా రాలేదా? తండ్రి ఫోను గొడవ మీద, రాత్రి మెలకువల మీద, స్నేహితుల మీద వరసగా విరుచుకుపడ్డాడు. సాయంత్రానికి విశాఖలో ఉన్న మేనమామ ఫోను చేసి, అది 98 దాటిన పర్సంటైల్ అనీ, ఈ మధ్య సంవత్సరాల్లో సగం మార్కులు రాకుండానే 99 అందుకున్నవాళ్లు ఉన్నారనీ చెప్పాడు. వెంటనే ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయి, వీధంతా పంచారు. మరునాడు ఆ తండ్రే కాలేజీకి వచ్చి "మావాడికి తొంభై ఎనిమిది శాతం మార్కులు" అని నాతో చెప్పాడు. నేను సరిదిద్దలేదు. పూతరేకు నోట్లో ఉంది.

తమరి లెక్కలో 98 అంటే రాసినవారిలో నూటికి 98 మంది వెనక ఉన్నారని. అంతే. 2024లో ఆ పరీక్ష రాసినవారు దాదాపు 2.93 లక్షల మంది. 99 దగ్గర నిలబడ్డవాడి ముందు ఇంకా 2,900 మంది ఉంటారు. 97 దగ్గర ఉన్నవాడి ముందు సుమారు 8,800 మంది. "రెండు పాయింట్లే కదా తేడా" అని ఓదార్చే బంధువులకు ఆ రెండింటి మధ్య దాదాపు 5,900 మంది ఇరుక్కుని నిలబడ్డారని తెలియదు. 80 ప్రాంతంలో ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే పర్సంటైల్ రెండు మూడు మెట్లు కదులుతుంది, 99 దాటాక అదే ప్రశ్నకు కొన్ని దశాంశాలే రాలతాయి. పైగా పరీక్ష ఒక్కసారి కాదు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విడతలు, మూడు వేర్వేరు ప్రశ్నపత్రాలు. వాటిని గణితంతో సమం చేస్తారు. ఏ విడతలో రాసినవారికైనా తమ విడతే కష్టమైనది. అందులో నేను వేలు పెట్టను.

తమరికి ఇక్కడ ఒక పోటీదారు ఉన్నాడని మనవి. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ మీద ఉంటాడు. నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల్లో సంతకం చేయడం రాని ముసలమ్మకు కూడా ఈ మూడు అంకెలు కంఠతా వచ్చు. ఏ అంకెకు ధాన్యం అటక ఎక్కాలో, ఏ అంకెకు గేదెలను గట్టు మీదికి తోలాలో, ఏ అంకెకు పడవ కోసం ఎదురుచూడాలో ఆమెకు ఎవరూ కోచింగ్ ఇవ్వలేదు. ఎందుకంటే ఆ అంకె నీటిని కొలుస్తుంది. కృష్ణలో ఎంత నీరుందో చూసి గోదావరి మట్టం తేల్చరు. తమరి దగ్గర మాత్రం ఒక పిల్ల నిరుటి కంటే బాగా రాసినా, మిగిలినవాళ్లు ఇంకాస్త బాగా రాస్తే ఆమె మట్టం పడిపోయినట్టే. ఇంకొక తేడా చెబుతాను, ఇది అసలైనది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎత్తితే ఏదో ఒకటి జరుగుతుంది. తమరి మొదటి గీత దాటితే ఏమీ జరగదు.

ఆ మొదటి గీత పేరు కనీస అర్హత. బెంగళూరు ఐఐఎం కొన్నేళ్లుగా జనరల్ వర్గానికి ప్రకటిస్తున్న కనీస అర్హత మొత్తం మీద 85 పర్సంటైల్. 85! రాసినవారిలో దాదాపు 44 వేల మంది ఆ గీతకు పైన ఉంటారు. మా రావులపాలెం తండ్రి ఒకాయన ఈ అంకె చూసి, కొడుక్కి 91 వచ్చింది కాబట్టి బెంగళూరులో హాస్టల్ ఎక్కడ బాగుంటుందని నన్ను అడిగాడు. నాకు నోరు రాలేదు. జనరల్ వర్గంలో ఇంటర్వ్యూ పిలుపు అందుకునేవారు ఎక్కువగా 99 చుట్టుపక్కల తిరుగుతారని, 85 అనేది "మీ దరఖాస్తు చెత్తబుట్టలో వేయం" అనే హామీ మాత్రమేనని మెల్లగా చెప్పాను. "మరి 85 అని ఎందుకు రాశారు?" అన్నాడు. ఆ ప్రశ్న తమరికే పంపిస్తున్నాను, నా దగ్గర జవాబు లేదు.

కనీసంలోనూ తమరు మూడు చీలికలుగా ఉంటారు. ఇంగ్లీషు పఠనానికి ఒక గీత, తార్కిక సమస్యలకు ఒకటి, లెక్కలకు ఒకటి. మన ప్రాంతపు పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ పేరిట రెండేళ్లు తెల్లవారుజామున లేచి లెక్కలు చేసినవాళ్లు. లెక్కల్లో 99 తెస్తారు. ఇంగ్లీషులో ఎవరో తత్వవేత్త రాసిన నాలుగు పేరాలు, వాటి కింద "రచయిత దేనితో ఏకీభవించడు?" అనే ప్రశ్న. పదిహేడేళ్లు వచ్చేవరకు ఏ రచయితతోనూ ఏకీభవించే తీరిక ఇవ్వకుండా పెంచిన పిల్లవాడిని ఒక్కసారిగా అలా అడిగితే ఏం చేస్తాడు? మొత్తం పర్సంటైల్ బ్రహ్మాండంగా ఉండి, ఆ ఒక్క విభాగంలో గీత కింద చిక్కుకుపోతాడు. అమలాపురంలో కోచింగ్ పెట్టినవారు దీనికి మందుగా ఇంగ్లీషు పదాల జాబితా ఒకటి బట్టీ పట్టిస్తున్నారు. రోగం మెదడుకు, కట్టు మోకాలికి.

ఇక అందరికంటే గుట్టుగా ఉండే వేషం. చాలా ఐఐఎంలలో ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలన్నది క్యాట్ స్కోరు ఒక్కటే తేల్చదు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం కలిపి ఒక మిశ్రమ స్కోరు కడతారు. కొన్నిచోట్ల ఇంజినీరింగ్ కాని చదువుకు, అమ్మాయిలకు కొన్ని పాయింట్లు ఉంటాయి. నా బీకాం అమ్మాయిలకు ఇది శుభవార్త. వాళ్లలో ఎంతమందికి తెలుసునో అడగకండి, ఇంట్లో వాళ్లకు బ్యాంకు పరీక్ష తప్ప మరొకటి చెప్పరు. పదో తరగతి మార్కుల సంగతి మాత్రం విడ్డూరం. పదిహేనేళ్ల వయసులో టైఫాయిడ్‌తో రాసిన సాంఘికశాస్త్రం పరీక్ష ఇరవై రెండో ఏట బెంగళూరులో ఎదురవుతుంది. 2020లో కరోనా వల్ల మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలే జరగలేదు. ఆ బ్యాచ్ పిల్లలు రాయని పరీక్షకు లెక్క చెప్పుకుంటూ దరఖాస్తులు నింపుతున్నారు.

సంక్రాంతికి మా ఇళ్లకు కొత్త అల్లుళ్లతో పాటు పర్సంటైళ్లు కూడా దిగుతున్నాయి. పందెం బరి దగ్గర నిలబడి, రెండు కోళ్ల మధ్య విరామంలో, ఒక పెద్దమనిషి రిజర్వేషన్ల వల్ల తమరు ఒక్కొక్కరికి ఒక్కో ఎత్తులో ఉంటున్నారని వాపోయాడు. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, దాని గీత వేరు, దీని గీత వేరు, ఇదేమి న్యాయం అని. అంతా విన్నాను. ఆ వారమే ఆయన తహసీల్దారు కార్యాలయం మెట్ల మీద కనిపించాడు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల 10 శాతం కోటా కోసం కేంద్ర నమూనాలో ధ్రువపత్రం కావాలట. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, సాగుభూమి ఐదెకరాల లోపు ఉండాలి. ఆయన కొబ్బరితోట చుట్టూ సైకిలు మీద తిరిగితే నాకు ఆయాసం వస్తుంది. కాగితం మీద మాత్రం ఆ తోట ఐదెకరాలకు సరిగ్గా కొన్ని సెంట్లు తక్కువ తేలిందని విన్నాను. గీతలు వేరువేరుగా ఉండడం అన్యాయమన్న ఆయన అభిప్రాయంలో మాత్రం ఆ తర్వాత కొంత మార్పు వచ్చింది.

ఇంకో తండ్రి విశాఖపట్నం ఐఐఎం మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి స్థానిక కోటా ఉంటుందని ధీమాగా ఉన్నాడు. 2015లో మొదలైన ఆ సంస్థ కేంద్రానిది, అక్కడ అమలాపురం పిల్లవాడూ, అమృత్‌సర్ పిల్లవాడూ ఒకే వరసలో నిలబడాలి. "ఆయ్, భూమి మాత్రం మనదే కదా మాష్టారూ" అన్నాడు. నిజమే మరి.

ప్రైవేటు మేనేజ్‌మెంట్ సంస్థల ప్రవేశపరీక్షల్లోనూ, ఎక్స్ఎల్ఆర్ఐ వారి గ్జాట్‌లో తమరి తమ్ముడు, సింబయాసిస్ వారి స్నాప్‌లో తమరి చెల్లెలు ఉన్నారు. వారికి వేరే ఉత్తరం రాస్తాను. కానీ మా ఊళ్లో ఎక్కువమంది రాసే ఐసెట్‌లో, అంటే మన రాష్ట్ర కాలేజీల ఎంబీఏ ప్రవేశపరీక్షలో, తమరి వేషం చూస్తే నవ్వొస్తుంది. 200 మార్కులకు 25 శాతం, అంటే 50 వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు కనీసమే లేదు. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలరు. అక్కడ తమరు ముందుగా రారు, కౌన్సెలింగ్ అయిపోయాక "ఫలానా కాలేజీలో ఫలానా వర్గానికి చివరి సీటు ఈ ర్యాంకుకు వెళ్లింది" అని తీరికగా దర్శనమిస్తారు. ఏడాది తర్వాత అదే అంకెను పట్టుకుని జనం కొత్త పిల్లవాడి జాతకం చెబుతారు. నిరుడు ఎంతమంది రాశారో, ఎన్ని సీట్లు ఉన్నాయో, ఎంతమంది ఆ కాలేజీని కాదనుకున్నారో ఎవరికీ పట్టదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు మాత్రం తమరు చాలా వినయంగా పక్కకు తప్పుకుంటారు. అది నేను గమనించలేదనుకోకండి.

తమరిని రద్దు చేయమని నేను అడగడం లేదు. సీట్లు కొన్ని, అడిగేవారు లక్షల్లో ఉన్నప్పుడు గీత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. నేను అడిగేది చాలా చిన్న విషయం. కనీస అర్హత అని పెద్ద అక్షరాలలో వేసిన ప్రతిచోటా, నిరుడు అదే వర్గంలో నిజంగా పిలుపు అందుకున్న చివరి అభ్యర్థి స్కోరు ఎంతో, అందులో పదో తరగతి వాటా ఎంతో, దాని పక్కనే అంతే పెద్ద అక్షరాలలో వేయించండి. కొన్ని సంస్థలు ఆ లెక్కలు బయట పెడుతూనే ఉన్నాయి, వెతికి చదివే ఓపిక ఉన్నవారి కోసం. మా తండ్రులకు ఆ ఓపిక లేదు, వారికి ఫ్లెక్సీ కావాలి. గడియారస్తంభం దగ్గర కోచింగ్ వారి ఫ్లెక్సీ మీద 99 చిల్లర వచ్చిన కుర్రాడి ఫొటో ఎంత ఎత్తు ఉందో, ఈ లెక్క కూడా అంత ఎత్తు ఉండాలని నా కోరిక. అలా చేయిస్తే రావులపాలెం ఆయనకు నేను హాస్టళ్ల గురించి సమాధానం చెప్పుకోవలసిన పని తప్పుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి గీతకు ఎప్పుడూ అవతలే ఉండిపోయిన పిల్లలకు పాఠం చెప్పే
కామర్స్ మాష్టారు

తా.క.: ఈ ఉత్తరానికి జవాబు ఇచ్చేటప్పుడు దయచేసి దశాంశాలు వాడకండి. మా పోస్టుమాను కొడుకు కూడా ఈ ఏడు క్యాట్ రాశాడు, దారిలో చదువుకుంటాడు.