దింపు పుస్తకం

కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఓ పెంకుటిల్లు. వాన ఇప్పుడే వెలిసింది, చూరు ఇంకా కారుతోంది. ఆ ఇంటి ఇల్లాలు పోయి పదకొండు నెలలు. టౌన్‌లో ఓ నర్సింగ్ హోమ్‌లో పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ చేశారు. ఆ రాత్రంతా కడుపునొప్పి అంటే నర్సు ఇంజెక్షన్లు ఇచ్చిందే తప్ప, తెల్లారేదాకా డాక్టరు రాలేదు. పొద్దున్నే కాకినాడ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు ఎదుర్లంక వంతెన ఎక్కకముందే ప్రాణం పోయింది. కేసు వేద్దామంటున్నది ఆమె తమ్ముడు, వద్దంటున్నది భర్త. అరుగు మీద ఇద్దరే ఉన్నారు.

బావమరిది: సంవత్సరీకం అయ్యాక చూద్దామంటున్నారు. గడువు రెండేళ్లే బావగారూ. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా, సివిల్ కోర్టుకి వెళ్లినా అంతే. అందులో ఏడాది వచ్చే నెలతో సరి. నేనే వేసేద్దును, కానీ అక్కకి వారసులు మీరూ పాపా. సంతకం మీదే కావాలి.

బావ: ఆ డబ్బు తెచ్చుకుని నేనేం చేసుకోనోయ్? పెళ్లాం పోయిందని చెప్పి డాక్టరు దగ్గర డబ్బు గుంజుతున్నాడంటారు. నలుగురిలో తిరగాల్సినవాణ్ణి.

బావమరిది: లారీ గుద్ది పోతే ఇన్సూరెన్సు డబ్బు తీసుకుంటారు. వాళ్లనెవరైనా అలా అన్నారా?

బావ: ఆ లారీవాడెవడో మనకి తెలీదు. ఈయన తెలుసు. మా అమ్మకి పాము కరిస్తే అర్ధరాత్రి లేచొచ్చి బతికించింది ఈయనే. ఆయన్ని జైల్లో పెట్టించమంటావా?

(ఈ మాటకి బావమరిది దగ్గర జవాబు ఉంది గానీ, చట్టం తెలిసినంత మాత్రాన పాముకాటు జ్ఞాపకానికి జవాబు చెప్పినట్టు కాదు. కాసేపు చూరు నీళ్ల చప్పుడే.)

బావమరిది: జైలు మాట ఎవరెత్తారండీ? పోలీసు కేసు వేరు. డాక్టరు మీద అది నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం అటు పోవద్దు. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నాం, ఆ సేవలో లోపం జరిగిందంటున్నాం. 1995లో శాంత కేసు తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ అలాంటివి వినియోగదారుల కమిషన్‌లో వేసుకోవచ్చు. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వాసుపత్రి అయితే ఈ దారి ఉండేది కాదు.

బావ: కోల్‌కతా కేసు గురించి నువ్వే చెప్పావుగా. వైద్యం వికటించి ఒకావిడ 1998లో పోతే సుప్రీంకోర్టు దాదాపు 6 కోట్లు ఇమ్మన్నది 2013లో. ఆ భర్త స్వయంగా డాక్టరు కాబట్టి పదిహేనేళ్లు నిలబడ్డాడు. నేను కొబ్బరికాయల వ్యాపారిని. కాయల దింపు వదిలేసి వాయిదాలకి తిరగనా?

బావమరిది: మన బిల్లు 68,000. ఆసుపత్రికి కట్టింది 5 లక్షలు దాటకపోతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు. లాయరు ఖర్చు ఉంటుంది, కాదనను. మూడు నెలల్లో తేల్చాలని, వస్తువుల్ని పరీక్ష చేయించాల్సి వస్తే అయిదు నెలలని చట్టంలో ఉంది. తేలుతుందని మాత్రం నేను చెప్పలేను.

బావ: సాక్ష్యమేదీ? పోస్ట్‌మార్టం లేదు.

బావమరిది: నేనే వద్దన్నాను. అక్కని కొయ్యనివ్వనని ఏడ్చింది నేనే.

బావ: నిన్ననడం లేదు. ఆ టైములో నాకూ మతి లేదు. అయినా ఆపరేషన్‌కి ఒప్పుకుని సంతకం పెట్టాను. ఎంత బాగా చేసినా ఒక్కోసారి మనిషి దక్కరు. ఆ తప్పు డాక్టరుదేనని ఇంకో డాక్టరు రాసిస్తాడా?

బావమరిది: మనిషి దక్కనంత మాత్రాన నిర్లక్ష్యం అనరు, నిజమే. కానీ మీరు సంతకం పెట్టింది ఆపరేషన్‌కి. రాత్రంతా డాక్టరు రాకపోయినా ఫరవాలేదని కాదు కదా. ఇక ఇంకో డాక్టరంటారా, మలేరియా శాఖలో పనిచేసిన కిషన్ రావు గారి భార్య కేసు ఉంది. మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చారు, ఆవిడ పోయింది. జిల్లా ఫోరమ్ 2 లక్షలిమ్మంటే పై కమిషన్లు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు ఆ 2 లక్షలూ మళ్లీ నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదంది. మనది అంత తేలిక కాకపోవచ్చు. లోపల రక్తం కారిందా, ఎప్పటినుంచి అన్నది తేలాలి.

బావ లేచి లోపలికెళ్లాడు. దింపు లెక్కలు రాసే పొడుగాటి పుస్తకం తెచ్చి, వేలితో పేజీ పట్టుకుని కూర్చున్నాడు. పైన కాయల లెక్క, పక్కన కురిడీ అమ్మిన డబ్బు. వాటి కింద అదే నీలం సిరాతో:

1:40 – 90, 60
3:15 – 80, 50. డాక్టరు గారికి ఫోన్ చేశామన్నారు
4:30 – 70. చెయ్యి చల్లగా ఉంది

బావ: నర్సు బీపీ చూసినప్పుడల్లా ఎంతుందని అడిగాను. రాసుకోవడం అలవాటు. అంకె తగ్గుతోందని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం ఏం చేశాను? కూర్చుని రాశాను.

బావమరిది: ఇన్నాళ్లూ ఇది మీ దగ్గరుందా!

బావ: ఎవరికి చూపించను?

బావమరిది: వీటిని కేస్ షీట్‌తో పోల్చాలి బావగారూ. రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, మూడేళ్లు దాచాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలోనే ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపుదాం. ఇవ్వకపోతే ఆ రసీదే మనకి ఓ కాగితం.

బావ: అడగ్గానే కేసు వేస్తున్నామని ఆయనకి తెలిసిపోతుంది.

బావమరిది: తెలియనివ్వండి.

బావ: కేసు మాట ఇప్పుడు నా దగ్గరెత్తకు. కాగితాల వరకు అడుగు, సంతకం పెడతాను. (ఆగి) వాళ్ల దాంట్లో కూడా ఇవే అంకెలుంటే?

బావమరిది: ఇవి చూసి కూడా ఆయన రాలేదన్నమాట.

బావ: వేరేగా ఉంటే?

బావమరిది పుస్తకం కోసం చెయ్యి చాపాడు. బావ ఇవ్వలేదు.

బావ: ఆ పేజీ జిరాక్స్ తీయించుకుని పొద్దున్నే తెచ్చెయ్. రేపు దింపు ఉంది, పుస్తకం నాక్కావాలి. ఉండు, నేనూ వస్తాను.